గ్రాముగారి తేలిక కెమెరా

సోమవారం ఉదయం తూనికల ఇన్‌స్పెక్టరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు కిలోల రెండువందల యాభై గ్రాముల బరువు భుజాన వేసుకుని ఇంటి నుంచి ఆఫీసుకి నడిచి వెళ్ళాలి. అంతే. అందులో ఎవరికీ హాని లేదు, ఎవరినీ అడగాల్సిన పని అంతకన్నా లేదు.

ఆయన్ని బజారంతా వెనకాల 'గ్రాముగారు' అంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ త్రాసు దగ్గరా ఒక్క గ్రాము కూడా చూసీచూడనట్లు వదిలిన మనిషి కాదు మరి. ఆ పేరు ఆయనకీ తెలుసు. తెలియనట్లే ఉంటారు గాని, లోపల కాస్త గర్వమే.

ఉద్యోగం తరవాత ఆయనకున్న పిచ్చి ఒక్కటే, అడవి జంతువుల ఫొటోలు తీయడం. పన్నెండేళ్ళుగా ఒకటే కెమెరా, దానికి మూరెడు పొడవు లెన్సు. పట్టీ, బ్యాటరీలతో సహా నాలుగు కిలోల ఏడువందలు. ఆయనే తూచారు. ఆ బరువు మోసీ మోసీ కుడి భుజం ఈమధ్య మొరాయించింది. చొక్కా తొడుక్కోవడానికి చెయ్యెత్తితే చాలు, ప్రాణం విలవిల్లాడుతోంది. "భుజం కావాలా, కెమెరా కావాలా?" అని డాక్టరు అడిగితే గ్రాముగారు నిజంగానే ఆలోచనలో పడ్డారు.

అలా ఆలోచించడానికి కారణం రాబోయే శనివారం. ఊరి బయట చెరువు దగ్గర, జంతువుల కంట పడకుండా కూర్చోవడానికి చెక్కతో కట్టిన చిన్న మాటు గది ఉంది. అందులో ఒక్క మనిషికే చోటు. ఆ చోటు కోసం గ్రాముగారు దరఖాస్తు పెట్టి మూడేళ్ళయింది. ఇన్నాళ్ళకి వంతు వచ్చింది. ఆ చెరువులో నీటికుక్కలుంటాయి. నీళ్ళలో ఈదుతూ, చేపలు తింటూ, మీసాల మొహం బయటపెట్టి చూసే ఆ జంతువు తప్ప ఆయన ఆల్బంలో లేనిది లేదు. గేటు నుంచి మాటు గదికి కట్ట మీద నాలుగు కిలోమీటర్ల నడక. పాత కెమెరాతో అయితే రెండో కిలోమీటరు దగ్గరే కూలబడాలి. ఈ వంతు పోతే మళ్ళీ మూడేళ్ళు. అప్పటికి భుజం మాట దేవుడెరుగు.

అందుకే ఆదివారం నాడు ఆయన కెమెరాల దుకాణం నడిపే బావమరిది దగ్గరికి వెళ్ళారు.

"మూడు దారులున్నాయి బావగారూ," అన్నాడు బావమరిది, మూడు బొమ్మల కాగితాలు ముందు పరిచి. "ఇది పెద్ద సెన్సరుది, అంటే లోపల బొమ్మ పట్టే పలక పెద్దది. ఫొటో అద్భుతం, లెన్సుతో కలిపి మూడు కిలోల రెండువందల యాభై. ఇది చిన్న సెన్సరుది. సెన్సరు చిన్నదైతే పొట్టి లెన్సుతోనే దూరం అందుకోవచ్చు. రెండు కిలోల మూడువందల యాభై. ఈ మూడోది లెన్సు ఊడదు, అన్నీ అందులోనే. కిలో నాలుగువందలు. కాకపోతే తెల్లారేటప్పటి వెలుతురు చాలదు, నీటికుక్కకీ బురదకీ తేడా తెలీదు. ఏదైనా తెప్పించాల్సిందే. గురువారం లోపు చెప్పండి, శుక్రవారం సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటుంది."

"ముందు ఒకసారి మోసి చూడాలి కదయ్యా."

"కెమెరాలే లేనప్పుడు ఏం మోస్తారు?"

"బరువు మోస్తాను," అన్నారు గ్రాముగారు. "బరువు సంగతి దుకాణంలో అయిదు నిమిషాలు పట్టుకుంటే తెలియదు. నాలుగో కిలోమీటరులో తెలుస్తుంది."

పాతికేళ్ళ సర్వీసు నిండినప్పుడు శాఖవారు ఆయనకి చెక్కపెట్టెలో ఇత్తడి తూకపు రాళ్ళు బహుమానంగా ఇచ్చారు. రెండు కిలోల రాయి మీద 'నిష్కళంక సేవకు' అని చెక్కించారు కూడా. ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టే దుకాణం నడిపే వాళ్ళావిడ బూడిదరంగు గుడ్డతో సంచీ కుట్టి ఇచ్చింది. ముక్క మిగిలితే పారేయడం ఎందుకని అచ్చం అలాంటిదే ఇంకోటి కూడా కుట్టింది. రోజుకో కెమెరాకి సరిపడా రాళ్ళు సంచీలో వేసుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి ఆఫీసుకి వెళ్ళడం, భుజం ఏమంటుందో పుస్తకంలో రాసుకోవడం, ఇదీ పథకం. ఆఫీసు దారి బజారు మీదుగా పోతుందన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

సోమవారం చేపల దుకాణం దగ్గరికి వచ్చేసరికి భుజం పట్టేసింది. చేపలమ్మే ఆవిడని అందరూ చేపలక్క అంటారు. గ్రాముగారు ఆవిడ బల్ల మీద సంచీ దించారు. లోపల ఇత్తడి ఖంగుమంది. ఆ చప్పుడు బజారులో ఎవరికి తెలియదు? చేపలక్క చేతులు తుడుచుకుంటూ లేచింది.

"ఏం కావాలి సారూ?"

"ఏం వద్దమ్మా. ఊరికే నించున్నాను."

ఊరికే నించునే ఇన్‌స్పెక్టరుని చేపలక్క పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆయన భుజం రుద్దుకుంటూ, దుకాణం వెనక కాలువ వైపు చాలాసేపు చూశారు. తరవాత జేబులోంచి పుస్తకం తీసి, 'రెండో కిలోమీటరు. భరించడం కష్టం' అని రాసుకున్నారు. సంచీ ఎత్తుకుని వెళ్ళిపోయారు.

చేపలక్క తన దుకాణం ముందున్న బోర్డు వైపు చూసింది. 'శుభ్రం చేసిన చేప' అని ఉంది దాని మీద. నిజానికి ఏళ్ళ తరబడి ఆవిడ చేసే శుభ్రం పైన పొలుసు గీకడంతో సరి. పేగులూ అవీ లోపలే ఉంచి తూచేస్తుంది, అవి కొనుక్కున్నవాళ్ళతోనే ఇంటికి పోతాయి. ఆవిడ వెంటనే కత్తి తీసింది. ఆ రోజు నుంచి ప్రతి చేపా కడుపు కోసి, లోపలిదంతా వెనక కాలువలో పారేసి, కడిగి, అప్పుడు తూచడం మొదలుపెట్టింది. ఈలోగా కబురు ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది. గ్రాముగారు రాళ్ళు భుజాన వేసుకుని తిరుగుతున్నారట, మాట్లాడకుండా రాసుకుపోతున్నారట.

మంగళవారం రెండు కిలోల మూడువందల యాభై. నాలుగో కిలోమీటరులో కాస్త నొప్పి, భరించదగ్గదే. గ్రాముగారు హుషారుగా అటూ ఇటూ చూస్తూ నడిచారు. ఆయన చూపు పడ్డ ప్రతి దుకాణంలోనూ త్రాసు తుడిచారు.

సాయంత్రం వాళ్ళావిడ కూరగాయల బుట్ట బల్ల మీద పెట్టి, "ఇదేం విడ్డూరమండీ?" అంది. "కిలో టమాటాలు అడిగితే తూచాక పైన ఇంకో నాలుగు వేశాడు. వద్దంటే దణ్ణం పెట్టాడు."

గ్రాముగారు ఆ టమాటాలు తన త్రాసులో వేసి చూశారు. కిలో మూడువందల ఇరవై. ఆయన మొహం కందగడ్డలా అయింది. "వాడి త్రాసు చెడిపోయింది. తక్కువ తూచినా తప్పే, ఎక్కువ తూచినా తప్పే. రేపు చెబుతాను వాడి సంగతి."

"ఎక్కువొస్తే మనకేం నష్టమండీ?"

"నష్టం కాదే, తేడా!" అన్నారాయన. ముప్పై ఏళ్ళుగా ఆ మాట వింటున్న ఆవిడ టమాటాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బుధవారం కిలో నాలుగువందలు. భుజానికి అసలు బరువున్నట్లే లేదు, కాని బురదకీ నీటికుక్కకీ తేడా తెలియని కెమెరా ఎంత తేలికైతే ఏం లాభం? ఆ ఆలోచనలోనే ఉండి గ్రాముగారు కూరగాయలాయన ముందు ఆగారు.

"నిన్న మా ఆవిడకి ఎంత తూచావు?"

"ఎక్కువే వేశాను సార్!" అన్నాడు కూరగాయలాయన, ఆదుకోమన్నట్లు చూస్తూ.

"అదే తప్పు."

ఆ రెండు మాటలూ ఆయనతో పాటు బజారు దాటలేదు. అక్కడే ఉండిపోయి ప్రతి దుకాణం గడపా తొక్కాయి. తక్కువ తూస్తే తప్పట, ఎక్కువ తూచినా తప్పట. ఇక మిగిలింది సరిగ్గా తూచడం. అది ఎలాగో చాలామందికి గుర్తులేదు.

గురువారం గ్రాముగారు మళ్ళీ రెండు కిలోల మూడువందల యాభై వేసుకుని నడిచారు. రెండోసారి కూడా భుజం కిక్కురుమనలేదు. దారిలోనే బావమరిదికి ఫోను చేసి, "రెండోది తెప్పించు," అని చెప్పేశారు. మనసు తేలికపడింది. ఆ తేలికతనం ఆఫీసు మెట్ల దాకానే. మెట్ల మీద, వరండాలో, గేటు బయట రోడ్డు మలుపు దాకా జనం. ప్రతి మనిషి చేతిలోనూ ఓ త్రాసు. ఏడాదికి మూడు నోటీసులు పంపినా మొహం చూపించనివాళ్ళంతా తమంతట తాము ముద్రలు వేయించుకోవడానికి వచ్చి వరసలో నిలబడ్డారు.

లోపల గ్రాముగారి పై అధికారి, అసిస్టెంట్ కంట్రోలరు గారు, కుర్చీలో నిలవలేకపోతున్నారు. పేపర్లో తన ఫొటో పడాలన్నది ఆయన చిరకాల వాంఛ. తూనికల శాఖ వాళ్ళ ఫొటోలు ఏ పేపరూ వేయదన్నది ఆయన చిరకాల బాధ.

"ఏమయ్యా, ఇంత పెద్ద తనిఖీ మొదలుపెట్టి నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?"

"తనిఖీ కాదు సార్. అది నా కెమెరా కోసం..."

"కెమెరాలా? వస్తాయి వస్తాయి, పేపరు వాళ్ళకి కబురు పెట్టాను. కమిషనరు గారికి కూడా చెప్పేశాను. శనివారం ఉదయం ఆయనే బజారుకి వస్తున్నారు. నువ్వు ఆ సంచీ వేసుకుని ముందు నడవాలి."

"శనివారం నాకు సెలవుంది సార్. మీరే సంతకం పెట్టారు."

"రద్దు చేసేశాను."

మూడేళ్ళ ఎదురుచూపు ఇంత చిన్న మాటతో పోతుందని ఆయన అనుకోలేదు. అబద్ధం చెప్పడం ఆయనకి రాదు. కాని పై అధికారి కళ్ళు తన భుజాన ఉన్న సంచీ మీద నుంచి కదలడం లేదని గమనించారు. జీవితంలో మొదటిసారి, నిజాన్నే కాస్త ఒకవైపు మొగ్గేలా తూచారు.

"సార్, బజారు వాళ్ళు భయపడేది నన్ను చూసి కాదు, సంచీని చూసి. అది మీ భుజాన ఉంటే... ఫొటోలో కూడా నిండుగా ఉంటుంది."

అసిస్టెంట్ కంట్రోలరు గారు కిటికీ అద్దంలో తన భుజం చూసుకున్నారు. సెలవు మళ్ళీ మంజూరైంది.

శుక్రవారం సాయంత్రం కెమెరా వచ్చింది. గ్రాముగారు దాన్ని ముద్దుబిడ్డలా ఎత్తి త్రాసులో పెట్టారు. పట్టీ, బ్యాటరీ, లెన్సు మూతతో సహా సరిగ్గా రెండు కిలోల మూడువందల యాభై. ఆయన మొహం వెలిగిపోయింది. కెమెరా ఒక సంచీలోకి, అంతే తూగే రాళ్ళు రెండో సంచీలోకి వెళ్ళాయి. కమిషనరు గారి ముందు గిన్నెల మూటలా మోగితే ఏం బావుంటుందని వాళ్ళావిడ రాళ్ళ చుట్టూ దూది కుక్కింది. కెమెరాకి దెబ్బ తగలకూడదని దాని చుట్టూ కూడా కుక్కింది. రెండు సంచీలూ గుమ్మం పక్కన పక్కపక్కనే కూర్చున్నాయి.

శనివారం తెల్లవారుతుండగా పై అధికారి డ్రైవరు సంచీ కోసం వచ్చాడు. గ్రాముగారు బూట్లు బిగించుకుని, కుడిచేత్తో ఒక సంచీ, ఎడంచేత్తో ఒక సంచీ ఎత్తి కళ్ళు మూసుకున్నారు.

"జిప్పు తీసి చూసుకోండి," అంది వాళ్ళావిడ.

"ముప్పై ఏళ్ళు తూకాల్లో బతికినవాణ్ణి. అయిదు గ్రాముల తేడా చేత్తో చెబుతాను నేను."

"తేడా ఉంటే కదా!"

"ఇదిగో, ఇది ఒకవైపు మొగ్గుతోంది. లెన్సు వైపన్నమాట," అని కుడిచేతి సంచీ భుజాన వేసుకుని, ఎడంచేతిది డ్రైవరుకి ఇచ్చేశారు.

నాలుగు కిలోమీటర్లు నడిచినా భుజం పలకలేదు. లేత ఎండ, చెరువు మీద పలచటి మంచు. గ్రాముగారికి పాతికేళ్ళు వెనక్కి వెళ్ళినట్లనిపించింది. మాటు గదిలో కూర్చుని, ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా జిప్పు తీశారు. రెండు కిలోల రాయి, రెండువందల రాయి, వంద రాయి, యాభై రాయి. దూదిలో హాయిగా పడుకుని ఉన్నాయి.

ఆయనకి ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, కాని మాటు గదిలో చప్పుడు చేయకూడదు కనుక లోపలే దిగమింగారు. వెనక్కి వెళ్ళి తెచ్చుకునేసరికి తన సమయం అయిపోతుంది. కనీసం కళ్ళారా చూద్దామని మూడు గంటలు కూర్చున్నారు. నీటికుక్క రాలేదు. ఒక కొంగ వచ్చి, కిటికీలోకి తొంగి చూసి, వెళ్ళిపోయింది. మిగతా సమయమంతా ఆయన 'నిష్కళంక సేవకు' అన్న అక్షరాలు చదువుతూ గడిపారు.

తిరిగి బజారు చేరేసరికి చేపల దుకాణం దగ్గర జాతరలా ఉంది. అసిస్టెంట్ కంట్రోలరు గారు గ్రాముగారి కొత్త కెమెరా మెళ్ళో వేసుకుని, పేపరు వాళ్ళ మధ్య నిలబడి ఉన్నారు. జరిగింది చేపలక్కే చెప్పింది.

"మీ పెద్దసారు కమిషనరు గారి ముందు సంచీ తెరిచారండీ. చూస్తే కెమెరా! ఆయన గుటకలు మింగి, 'ఇది కొత్త పద్ధతి, త్రాసులకి ఫొటో సాక్ష్యం' అన్నారు. అలా తీసుకుంటూ మా దుకాణానికొచ్చారు. సరిగ్గా అప్పుడే వెనక కాలవలో ఆ మీసాలోళ్ళు లేచారు. పెద్దది ఒకటి, పిల్లలు రెండూనూ."

"మీసాలోళ్ళెవరు?" అన్నారు గ్రాముగారు.

"అవే సారూ, నీటికుక్కలు. వారం నుంచీ వస్తన్నాయి. మీరు సోమవారం కాలవ వంక గుడ్లప్పగించి చూసెళ్ళారు కదా, ఆ రోజు నుంచే పేగులు తీసేసి తూస్తన్నాను. ఆ పేగుల కోసం చెరువొదిలి ఇక్కడికే మకాం మార్చాయి."

పై అధికారి కెమెరా తెర గ్రాముగారి మొహం ముందు పెట్టారు. బటను మీద వేసిన వేలు కంగారులో తీయడం మరిచిపోతే కెమెరా దానంతటది నాలుగువందల ఫొటోలు తీసేసింది. తల్లి మీసాల మీద నీటిచుక్కలు లెక్కపెట్టొచ్చు. పిల్ల ఒకటి తల్లి వీపెక్కి నేరుగా కెమెరాలోకి చూస్తోంది. పన్నెండేళ్ళుగా గ్రాముగారు కళ్ళు మూసుకుంటే కనిపించే ఫొటో అదే.

"సార్, ఇది నా కెమెరా," అన్నారు గ్రాముగారు.

"కెమెరాదేముందయ్యా," అన్నారు అసిస్టెంట్ కంట్రోలరు గారు పెద్దమనసుతో. "చూసే కన్ను ఉండాలి."

మర్నాడు పేపర్లో మొదటి పేజీ నిండా నీటికుక్కలు. కింద ఫొటో తీసినవారి పేరు, పక్కన గుండ్రంగా వారి మొహం. గ్రాముగారు పేపరు మడిచి పక్కన పెట్టి, కెమెరా సంచీ భుజాన వేసుకుని తిన్నగా చేపల దుకాణానికి వెళ్ళారు. కాలువ ఖాళీగా ఉంది.

"ఏవమ్మా, రాలేదా ఇవాళ?"

"పేగులు లేందే ఎందుకొస్తాయి సారూ?" అంది చేపలక్క, పొలుసు మాత్రమే గీకిన చేపని త్రాసులోకి విసిరి. "తనిఖీ అయిపోయిందంట కదా. ఆ సంచీలో ఉండేది కెమెరాయేనని నిన్న ఊరంతా చూసింది."

పేగులు కాలువలో వేయమని అడిగితే ఆవిడ కాదనదు. కాని త్రాసు చేతపట్టిన మనిషి దగ్గర ఏదీ అడిగి పుచ్చుకోకూడదన్నది ఆయన ముప్పై ఏళ్ళ నియమం. అది చేప పేగైనా సరే. ఆయన బోర్డు వైపు ఓసారి చూసి, ఇంటికి తిరిగొచ్చి చాలాసేపు ఆలోచించారు.

సోమవారం ఉదయం గ్రాముగారు రెండు సంచీలతో బయల్దేరారు. కుడి భుజాన కెమెరా, ఎడమ భుజాన దూది పీకేసిన రాళ్ళు. ఎడమ సంచీని చేపలక్క బల్ల మీద దించారు. ఖంగుమంది. ఆవిడ కిమ్మనకుండా కత్తి తీసింది. పావుగంటలో కాలువలో నీళ్ళు కదిలాయి, ముందు మీసాలు, వెనక రెండు బుల్లి తలలు పైకొచ్చాయి. గ్రాముగారు కెమెరా కంటికి ఆన్చుకున్నారు. పిల్ల ఈసారి ఆయన వైపే చూసింది. బల్ల మీద రాళ్ళున్నంతకాలం రోజూ వస్తాయని ఆయనకి అర్థమైపోయింది. అంత సంతోషం ఆయన ఎన్నడూ ఎరగరు.

సాయంత్రం భుజాలకి మందు రాస్తూ వాళ్ళావిడ, "తేలిక కెమెరా కొన్నాక కూడా ఈ నొప్పేమిటండీ?" అంది. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, గుమ్మం పక్కనున్న సంచీల్లోంచి కెమెరానీ రాళ్ళనీ తీసి ఆయన త్రాసులోనే పెట్టింది.

నాలుగు కిలోల ఏడువందలు. గ్రాము తేడా లేదు.